రామానుజాచార్యుడు - తిరుపతి పట్టణ నిర్మాణం

రామానుజాచార్యుడు (క్రీ.శ. 1017 - 1137) విశిష్టాద్వైత సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన తత్త్వవేత్త, వైష్ణవ ఆచార్యుడు. శ్రీరంగం ఆయనకు ప్రధాన స్థానమైనప్పటికీ తిరుమల-తిరుపతి క్షేత్రంతో ఆయనకు గాఢమైన అనుబంధం ఉంది. తిరుమల ఆలయ సేవాక్రమాన్ని తీర్చిదిద్దడమే కాక, కొండ దిగువన గోవిందరాజస్వామి ఆలయాన్ని స్థాపించి, దాని చుట్టూ ఆలయ పరిచారకులకు నివాసాలు ఏర్పరచినట్లు సంప్రదాయ గ్రంథాలు చెబుతున్నాయి. ఈ కారణంగా తిరుపతి పట్టణానికి ఆయనను మూలపురుషుడుగా భావిస్తారు.

బాల్యము, విద్య

రామానుజుడు నేటి తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో ఆసూరి కేశవ సోమయాజి, కాంతిమతి దంపతులకు జన్మించాడు. కాంతిమతి సోదరుడు తిరుమల నంబి (శ్రీశైలపూర్ణుడు) తిరుమలలో స్వామి సేవలో ఉండేవాడు. మేనల్లునికి నామకరణం చేసినవాడు ఆయనేనని ప్రతీతి. రామానుజుడు కంచి ప్రాంతంలో యాదవప్రకాశుని వద్ద వేదాంతం అభ్యసించాడు. శ్రుతివాక్యాల అర్థం విషయమై గురువుతో విభేదించి, ఆయనకు దూరమయ్యాడు.

యామునాచార్యుని దర్శనార్థం శ్రీరంగం వెళ్ళేసరికి ఆయన పరమపదించాడు. తరువాత యామునుని శిష్యుడైన పెరియనంబి (మహాపూర్ణుడు) మధురాంతకంలో రామానుజునికి మంత్రోపదేశం చేశాడు. కొంతకాలానికి రామానుజుడు సన్యాసం స్వీకరించి శ్రీరంగం మఠాధిపత్యం వహించాడు. శ్రీభాష్యము, వేదార్థసంగ్రహము, గీతాభాష్యము ఆయన ముఖ్య రచనలు.

తిరుపతితో అనుబంధం

రామానుజుడు పలుమార్లు తిరుపతికి వచ్చాడు. కొండ దిగువన ఒక సంవత్సరం ఉండి, మేనమామ అయిన తిరుమల నంబి వద్ద రామాయణ రహస్యార్థాలు అధ్యయనం చేశాడు. శేషాద్రిని ఆదిశేషుని రూపంగా భావించి కొండపై పాదం మోపడానికి ఆయన సంకోచించాడనీ, పెద్దలు నచ్చజెప్పిన పిమ్మట మోకాళ్ళపై ఎక్కాడనీ ఒక గాథ ఉంది. కాలిబాటలో మోకాళ్ళపర్వతం అనే పేరు ఈ గాథను గుర్తు చేస్తుంది.

కొండపై నివాస సమస్య

ఆ కాలంలో తిరుమల దట్టమైన అడవి. చలి, వన్యమృగాల భయం వల్ల అక్కడ స్థిరంగా నివసించేవారు బహు తక్కువ. ప్రాచీన శాసనాలనుబట్టి ఆలయ వ్యవహారాలలో కొండ దిగువన ఉన్న తిరుచానూరు సభకు ప్రాముఖ్యం ఉండేది. తిరుమల నంబి వంటి ఒకరిద్దరు మాత్రమే కొండపై ఉండి, దూరపు తీర్థాల నుండి అభిషేకజలం మోసి తెచ్చేవారు. కైంకర్యం నిత్యం సాగాలంటే చేసేవారికి సమీపంలో నివాసం ఉండక తప్పదు.

కొండపై నివసించి పుష్పకైంకర్యం చేయడానికి ఎవరు సిద్ధమని రామానుజుడు శిష్యులను అడుగగా, చలికి వెరచి అందరూ మౌనం వహించారు. అనంతాళ్వారు ఒక్కడే ముందుకు వచ్చాడు. ఆయన భార్యతో సహా కొండపై స్థిరపడి, తోట పెంచి, దానికి నీటికై చెరువు త్రవ్వాడు. ఆ త్రవ్వకంలో ఆయన వాడినదని చెప్పబడే గడ్డపారను తిరుమల ఆలయ మహాద్వారం వద్ద నేటికీ చూడవచ్చును.

గోవిందరాజస్వామి ఆలయము, కొత్త ఊరు

చిదంబరంలోని గోవిందరాజస్వామి విగ్రహాన్ని చోళరాజు పెకలింపజేయగా, ఆశ్రయం కోల్పోయిన వైష్ణవులు ఉత్సవమూర్తిని తీసుకొని తిరుపతి చేరారని సంప్రదాయ కథనం. ఇక్కడ అప్పటికే పార్థసారథిస్వామి సన్నిధి ఉండేది. రామానుజుడు దాని సమీపంలో శయనభంగిమలో సుధామూర్తిని ప్రతిష్ఠింపజేశాడు. ప్రాంతీయ పాలకుడైన యాదవరాజు ఇందుకు సహకరించాడని చెబుతారు.

ఆలయం చుట్టూ వీధులు తీర్చి అర్చకులకు, పరిచారకులకు ఇళ్ళ స్థలాలు కల్పించారు. ఊరిని మొదట గోవిందరాజపట్నమనీ, తరువాత రామానుజపురమనీ వ్యవహరించారని స్థానిక కథనం. ఆలయ సేవకులు కొండపై చలికి గురికాకుండా దిగువన కుటుంబాలతో ఉండి, వంతులవారీగా పైకి వెళ్ళే వీలు దీనివల్ల కలిగింది. స్వామి సేవను పర్యవేక్షించడానికి రామానుజుడు ఏర్పరచిన వ్యవస్థ నుండే తిరుమల జీయరు మఠం రూపొందింది.

స్థాపనాకాలంపై భిన్నాభిప్రాయాలు

గోవిందరాజస్వామి ప్రతిష్ఠ 1130 ఫిబ్రవరి 24న జరిగిందని పరిగణిస్తూ 2022 నుండి తిరుపతిలో ఆ రోజున నగర ఆవిర్భావ దినోత్సవం జరుపుతున్నారు. అయితే చిదంబరంలో విగ్రహాన్ని తొలగించినవాడు రెండవ కులోత్తుంగ చోళుడని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆయన రాజ్యకాలం 1133లో ఆరంభమైంది. ఈ లెక్కన 1130 నాటి ప్రతిష్ఠ ఆ ఘటన కంటె ముందే జరిగినట్లవుతుంది. సంప్రదాయ గ్రంథాలలోని సంవత్సరాలను శాసనాలతో సమన్వయపరచడం ఇందువల్ల కష్టమవుతున్నది. చిదంబరంలో గోవిందరాజస్వామిని 1539లో అచ్యుతదేవరాయలు పునఃప్రతిష్ఠించాడు.

సామాజిక దృక్పథం

చోళరాజు వేధింపుల వల్ల రామానుజుడు శ్రీరంగం విడిచి కర్ణాటకలోని మేలుకోటలో కొంతకాలం నివసించాడు. అక్కడ తనకు తోడ్పడిన అంటరాని కులాలవారికి తిరుకులత్తారు అని పేరుపెట్టి, సంవత్సరంలో కొన్ని దినాలు ఆలయప్రవేశం కల్పించినట్లు ప్రసిద్ధి. తానే ఆశ్రయం కోల్పోయిన రామానుజుడు ఆశ్రయం లేనివారికి స్థానం కల్పించడం ఆయన చరిత్రలో ఒకటికి రెండుసార్లు కనబడుతుంది. అయినప్పటికీ ఆలయం చుట్టూ ఏర్పడిన అగ్రహారాలలో నివాసహక్కు ప్రధానంగా ఆలయసేవతో ముడిపడి ఉండేది. సేవాసంబంధం లేని శ్రామికులకు ఆ వీధులలో చోటు దొరకడం దుర్లభం.

అంతిమ కాలము, అనంతర చరిత్ర

రామానుజుడు శ్రీరంగానికి తిరిగివచ్చి, సంప్రదాయం ప్రకారం 120 సంవత్సరాల వయస్సులో 1137లో పరమపదించాడు.

ఆయన పేరుతో ముడిపడిన ఊరు క్రమంగా విస్తరించింది. 1886లో తిరుపతి పురపాలక సంఘం ఏర్పడింది. యాత్రికులతోబాటు విద్యాసంస్థలు, ఉద్యోగాల కొరకు వచ్చి స్థిరపడేవారి సంఖ్య పెరగడంతో నివాసాల కొరత తలెత్తింది. ప్రణాళికాబద్ధమైన విస్తరణకై 1981లో తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) ఏర్పాటయింది. 2007లో పురపాలక సంఘం నగరపాలక సంస్థగా మారింది. 2011 జనగణన నాటికి నగర జనాభా సుమారు 2.87 లక్షలు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుండి విడివడి తిరుపతి జిల్లా కేంద్రమైంది.

తిరుమలపై పరిస్థితి ఇందుకు భిన్నం. ఒకప్పుడు నివసించేవారే కరువైన కొండపై, భక్తుల రద్దీ పెరిగిన పిమ్మట మాడవీధులను విశాలం చేయవలసి వచ్చింది. అందుకై తరతరాలుగా అక్కడ ఉన్నవారి ఇళ్ళను తొలగించి, అనేక కుటుంబాలను బాలాజీనగర్ వంటి చోట్లకు తరలించారు. దిగువన గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న వీధులలో నేటికీ ఇళ్ళు, అంగళ్ళు, మఠాలు కలసి ఉన్నాయి.