చూపును కొలిచిన వైద్యుడు రివర్సు

సుబేదారిలోని ఏ పాఠశాలయందైనను ఉపాధ్యాయుడు నల్లబల్లపై సమానమైన రెండు గీతలు గీసి, ఒకదాని కొనలకు బాణపు మొనలను, రెండవదాని కొనలకు వెలుపలికి విచ్చుకొన్న రెక్కలను చేర్చినచో, పిల్లలలో పెక్కుమందికి రెండవదియే పొడవుగా తోచును. లోకమందలి ప్రజలందరి కన్నులు ఇట్లే మోసపోవునా? ఈ ప్రశ్నను దేశాంతరములలో పరీక్షించిన తొలివారిలో డాక్టరు విలియం రివర్సు అగ్రగణ్యులు.

1864లో ఇంగ్లండులోని కెంటు మండలమున ఒక మతాచార్యుని ఇంట జన్మించిన రివర్సు బాల్యమునుండి నత్తిచే బాధపడినారు. వైద్యవిద్య ముగించి, కేంబ్రిడ్జిలో ఇంద్రియజ్ఞానమును గూర్చి బోధించినారు.

ఆటవికుల ఇంద్రియములు మిక్కిలి చురుకైనవనియు, కనుకనే వారి బుద్ధి మందమనియు ఆనాటి ఐరోపా పండితులు పలువురు తలచెడివారు. 1898లో హాడన్ నాయకత్వమున ఆస్ట్రేలియాకు ఉత్తరముననున్న టారెస్ జలసంధి ద్వీపములకు వెళ్లిన బృందములో రివర్సు చేరి, అచ్చటివారి చూపును కొలిచినారు. వారి దృష్టి అసాధారణమైనది కాదనియు, దూరపు వస్తువును ముందుగా గుర్తించుట అభ్యాసబలమేననియు తేలినది. బాణపు గీతలయెడ వారు ఆంగ్లేయులకంటె తక్కువగా మోసపోయినారు. నిలువుగీతను అడ్డగీతతో పోల్చునపుడు ఎక్కువగా పొరబడినారు. 1901-02లో నీలగిరులలోని తోడాలయందును ఇట్టి ఫలితమే కానవచ్చినది. ఒక జాతివారు అన్నిట మోసపోవువారు, మరొక జాతివారు మోసపోనివారు అనుటకు వీలులేకపోయినది.

రివర్సు సైతము విమర్శకు అతీతులు కారు. ద్వీపవాసులు నీలిరంగునకు ఆంగ్లమునుండి తెచ్చుకొన్న బులూబులూ అను మాటను వాడుట గమనించి, తమ పరికరపు కొలతలను దానితో కలిపి, వారి కంటికి ఆ వర్ణము మందముగా తోచునని నిర్ణయించినారు. పేరు లేకపోవుట కంటిలోపమునకు నిదర్శనము కానేరదని తరువాతివారు ఆక్షేపించినారు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున రివర్సు స్కాట్లండులోని క్రెయిగ్‌లాకార్టు సైనికాసుపత్రిలో పనిచేసినారు. యుద్ధభీతిచే వణకుచు, నిద్రకు దూరమైన సైనికులను పిరికివారని పలువురు నిందించుచుండగా, ఆయన వారి గోడును ఓపికతో ఆలకించి చికిత్స చేసినారు. 1917లో కవి ససూన్ ఆయన రోగులలో ఒకరు. కోలుకొన్నవారిని మరల యుద్ధమునకే పంపవలసివచ్చుట ఆ వైద్యుని మనస్సును కలతపెట్టినది. 1922 జూన్ 4న కేంబ్రిడ్జిలో ఆయన మరణించినారు.

గీతల పరీక్షను పలుదేశములలో జరిపి, సెగాల్ మున్నగు పండితులు 1966లో ఒక గ్రంథమును వెలువరించినారు. చదరపు గదుల నడుమ పెరిగిన కంటికి గీతల మూలలు గోడల మూలలవలె తోచుటయే ఈ భ్రమకు కారణము కావచ్చునని వారు ఊహించినారు. ఆ ఊహపై వాదములు ముగియలేదు. రివర్సు వేసిన ప్రశ్న మాత్రము నల్లబల్లపై నేటికిని నిలిచియున్నది.