నలభై అయిదో ఏట డాక్టరేట్: జెస్సీ మెక్‌విలియమ్స్ జీవితం

కోవిల్‌పట్టి కడలమిఠాయి అంగడిలో గానీ, విరుదునగర్ పరోటా కొట్టులో గానీ గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అట్ట కనిపిస్తుంది. నూనె చేతులు తగిలి ఓ మూల మాసిపోయినా ఫోను దాన్ని చదివేస్తుంది. ఎక్కువ రక్షణ ఉన్న రకమైతే సుమారు 30 శాతం చెడినా సమాచారం తిరిగి దక్కుతుంది. ఇలా తప్పులను పట్టి సరిదిద్దే గణితానికి కోడ్‌ల సిద్ధాంతం అని పేరు. దాన్ని నిలబెట్టినవారిలో ముగ్గురు బిడ్డల తల్లి ఒకరున్నారు. ఆమె ఫ్లారెన్స్ జెస్సీ మెక్‌విలియమ్స్.

ఆగిన చదువు

జెస్సీ 1917 జనవరి 4న ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో 1938లో బి.ఏ., మరుసటి ఏడు ఎం.ఏ. పూర్తిచేశారు. 1939లో అమెరికా వెళ్ళి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆస్కార్ జరిస్కీ దగ్గర ఒక ఏడాది, ఆ తర్వాత హార్వర్డ్‌లో చదివారు. 1941లో పెళ్ళయింది. డాక్టరేట్ చేతికి రాకుండానే చదువు ఆగిపోయింది.

1950ల రెండో సగంలో బెల్ లేబొరేటరీస్‌లో ప్రోగ్రామర్‌గా చేరారు. తప్పులను సవరించే తొలి కోడ్‌లను రిచర్డ్ హ్యామింగ్ రూపొందించింది ఆ టెలిఫోను పరిశోధనశాలలోనే. మన దేశం నుంచి వెళ్ళిన రాజ్ చంద్ర బోస్ ఉపన్యాసం విన్నాక ఆమె మనసు ఈ విషయం మీదికి మళ్ళింది. చక్కని ఫలితం కనుగొన్నారు. అయినా డాక్టరేట్ లేదన్న కారణంతో పరిశోధకురాలి పదవి రాలేదు.

1961లో మళ్ళీ హార్వర్డ్ మెట్లెక్కారు. అప్పుడు ఆమె కూతురు కూడా అక్కడే గణితం చదువుతోంది. ఆండ్రూ గ్లీసన్ పర్యవేక్షణలో ఏడాదిలోనే పరిశోధన ముగించి, 1962లో, తన 45వ ఏట డాక్టరేట్ అందుకున్నారు.

ఆమె కనుగొన్నదేమిటి?

తొమ్మిదో తరగతి బీజగణితం చాలు, దీన్ని రుచి చూడవచ్చు. కోడ్ అంటే 0, 1లతో రాసిన పదాల సమూహం. ఒక పదంలో ఎన్ని 1లు ఉంటే అది ఆ పదం బరువు. ఏ బరువు పదాలు ఎన్నున్నాయో చెప్పే పట్టికే బరువుల పంపిణీ. దారిలో అంకెలు మారిపోయి ఒక కోడ్ పదం మరో కోడ్ పదంగా చేరితే, అందుకున్నవారికి తప్పు జరిగిన సంగతే తెలియదు. అలాంటి ప్రమాదం ఎంతో లెక్క కట్టాలంటే ఈ పట్టిక కావాలి.

000, 111 అనే రెండు పదాల కోడ్ తీసుకుందాం. 0కి క, 1కి గ అని రాస్తే దీని పట్టిక క³ + గ³ అవుతుంది. ప్రతి కోడ్‌కూ ఒక జంట కోడ్ ఉంటుంది. మొదటి కోడ్‌లోని ఏ పదంతో పోల్చినా, రెండింటిలోనూ 1 ఉన్న స్థానాలు సరిసంఖ్యలో వచ్చే పదాలు అందులో చేరతాయి. జెస్సీ సూత్రం ప్రకారం క ఉన్నచోట క+గ, గ ఉన్నచోట క−గ రాసి, మొత్తాన్ని పదాల సంఖ్య 2తో భాగించాలి. (క+గ)³, (క−గ)³ కూడి సగం చేస్తే క³ + 3కగ² వస్తుంది. అంటే జంట కోడ్‌లో 1 లేని పదం ఒకటి, రెండు 1లున్న పదాలు మూడు. సరిచూసుకుంటే 000, 011, 101, 110. లెక్క కుదిరింది.

పెద్ద కోడ్‌లకు వస్తే దీని విలువ తెలుస్తుంది. 100 అంకెల పదాలున్న ఒక కోడ్‌లో 2⁹⁰ పదాలున్నాయనుకుందాం. అది 28 అంకెల సంఖ్య. ఒక్కొక్కటిగా లెక్కించడం ఏ యంత్రం వల్లా కాదు. దాని జంటలో మాత్రం 1,024 పదాలే. వాటి బరువులు చూసుకుంటే పెద్దదాని పట్టిక మొత్తం వచ్చేస్తుంది. క్యూఆర్ కోడ్‌లో వాడే రీడ్-సాలమన్ కోడ్‌ల బరువుల పంపిణీని కూడా ఈ సూత్రంతో రాబట్టవచ్చు.

తెలుగువారి పాలు

ఈ జంట సంబంధం మన సి. ఆర్. రావు గారి పని దాకా వస్తుంది. 1920లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని హడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన, బోస్ పనిచేసిన కలకత్తా గణాంక సంస్థలోనే 1940లలో పరిశోధన చేశారు. ప్రయోగాలను తక్కువ ఖర్చుతో జరిపేందుకు ఆయన లంబ వ్యూహాలు అనే అంకెల పట్టికలను రూపొందించారు. ఒక కోడ్‌లోని పదాలను వరసగా పేర్చితే అలాంటి పట్టికే వస్తుంది. దాని బలం జంట కోడ్‌లోని అతి తక్కువ బరువును బట్టి ఉంటుంది. 0లే ఉన్న పదాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోరు.

జెస్సీ వ్యాసం 1963లో అచ్చయింది. నీల్ స్లోన్‌తో కలిసి 1977లో వెలువరించిన గ్రంథం ఆ రంగంలో ప్రామాణికమైంది. గణితంలో స్త్రీల కోసం పనిచేసే సంఘం 1980లో నోయెథర్ ఉపన్యాసాలు మొదలుపెట్టి, మొదటిది ఆమె చేతనే ఇప్పించింది. 1983లో పదవీ విరమణ చేసి, 1990 మే 27న కన్నుమూశారు.

పెళ్ళితో చదువు ఆగిన అమ్మలు మన పిల్లల ఇళ్ళలో ఎందరో ఉన్నారు. తల్లిదండ్రుల సమావేశంలో ఈ జీవితం చెబుదాం. తొమ్మిదో తరగతిలో ఘనాల సూత్రం చెప్పే రోజున పై లెక్కను నల్లబల్ల మీద చేయిద్దాం. ఆ సాయంత్రం అమ్మా, బిడ్డా కలిసి కూర్చుని మరో చిన్న కోడ్‌కు అదే లెక్క చేస్తే మేము సంతోషిస్తాం. 0000, 1111తో మొదలుపెట్టవచ్చు.