వానలో అందుకున్న ట్రోఫీ

వర్ణవివక్ష రాజ్యమేలిన దక్షిణాఫ్రికాలో, డర్బన్ నగరానికి చెందిన ఒక పేద భారతీయ సంతతి కుటుంబంలో సెవ్‌సంకర్ సెవ్‌గోలమ్ జన్మించారు. ‘పాప్వా’గా ప్రసిద్ధులైన ఆయన గోల్ఫ్ మైదానాల్లో ఇతరుల కర్రలు మోస్తూ ఆట నేర్చుకున్నారు. కుడిచేతి వాటం ఆటగాళ్లు కర్రపై ఎడమచేతిని పైన ఉంచుతారు. ఆయన కుడిచేతిని పైన ఉంచేవారు. ఆ పట్టుతోనే 1959, 1960, 1964 సంవత్సరాల్లో డచ్ ఓపెన్ గెలిచారు.

1963లో డర్బన్ కంట్రీ క్లబ్‌లో జరిగిన నేటాల్ ఓపెన్‌లోనూ ఆయనే విజేత. అయితే క్లబ్ భవనంలోకి శ్వేతజాతీయులకే ప్రవేశం. వారు లోపల ఉండగా, పాప్వా ఆరుబయట వర్షంలో నిలబడి ట్రోఫీ అందుకున్నారు. ఆ ఛాయాచిత్రం దేశదేశాల పత్రికలకెక్కింది. క్రీడా బహిష్కరణ కోరేవారికి తిరుగులేని సాక్ష్యమైంది.

1965లో అదే పోటీలో గ్యారీ ప్లేయర్ వంటి దిగ్గజాన్ని ఆయన ఓడించారు. అనంతరం ప్రభుత్వం ఆయనను శ్వేతజాతీయుల పోటీలకు దూరం చేసింది, పాస్‌పోర్టునూ నిరాకరించింది.

ఆ ప్రభుత్వానికి ప్రపంచం క్రీడారంగంలోనే బదులిచ్చింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికా ఆహ్వానం రద్దయింది. 1970లో ఒలింపిక్ ఉద్యమం నుంచే ఆ దేశం బహిష్కృతమైంది. 1974 డేవిస్ కప్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికాతో తలపడేందుకు భారత్ నిరాకరించి, అంతవరకు ఎన్నడూ గెలవని కప్పును వదులుకుంది.

పాప్వా 1978లో పేదరికంలోనే కన్నుమూశారు. దక్షిణాఫ్రికా తిరిగి ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన 1992 నాటికి, ఆయన మరణించి 14 ఏళ్లు గడిచాయి.