పాల్కురికి సోమనాథ కవి చరిత్రము

తెనుగున శివకవులని పేరుగన్నవారు మువ్వురు: నన్నెచోడుడు, మల్లికార్జున పండితారాధ్యుడు, పాల్కురికి సోమనాథుడు. వీరిలో మూడవవాడు మన సీమవాడు. ఓరుగల్లునకు దక్షిణమున నున్న పాలకుర్తి గ్రామమే ఆతని జన్మస్థానమని విమర్శకులలో పెక్కండ్రు నిర్ణయించిరి. ఆ గ్రామము నిజాము కాలమున నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో నుండెను. 1953లో తాలూకాతోపాటు వరంగల్లు జిల్లాకు వచ్చెను. 2016లో జనగామయే జిల్లా కాగా దానిలో జేరెను. సంస్థానములు పోయి రాష్ట్రములు వచ్చినను, జిల్లాల యెల్లలు మాఱినను, కవి యింటిపేరున నిలిచిన పాల్కురికి నేటికిని ఆ చోటనే యున్నది. భాగవతము ననువదించిన పోతనామాత్యుని బమ్మెర గ్రామము దానికి సమీపముననే కలదు. ఒకే మండలమున నిట్టి కవులిద్దఱు పుట్టుట ఏ సీమకైనను గర్వకారణమే.

మన మహాసభలకు వచ్చు సోదరులు కొందఱు, సోమనాథుడు ఏ కులమువాడని మమ్ము తఱచుగా నడుగుచుందురు. సంఘ సంచికలయందు మహాపురుషులను స్వకులజులనుగా జూపుకొనుట వాడుకయై యున్నది గావున నా ప్రశ్న సహజమే. ఆతడు బ్రాహ్మణుడై పుట్టి వీరశైవదీక్ష గైకొనెనని కొందఱును, పుట్టుకచేతనే జంగముడని కొందఱును వాదించిరి. విష్ణురామిదేవుడును శ్రియాదేవియు నాతని తలిదండ్రులని కొందఱందురు. ఇక కవి తన్ను గూర్చి తాను చెప్పుకొన్న దేమనగా: తన గోత్రము భృంగిరిటి గోత్రమట, తాను గురులింగ తనయుడట, శివకులజుడట. భృంగిరిటి ప్రమథగణములలోనివాడు, ఏ కులపు గోత్రపట్టికయందును కానరానివాడు. అనగా పుట్టిన కులమును, ఋషిగోత్రమును కవి బుద్ధిపూర్వకముగనే విడిచి, భక్తి నిచ్చిన గురువునే తండ్రిగా జెప్పుకొనెను. కుల సంఘపు సంచికలో ఈ సంగతి వ్రాయుట కొందఱకు రుచింపకపోవచ్చును. అయినను కవి విడిచిన దానిని మనము మరల నాతని మెడకు గట్టుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ఆ కాలపు సీమ స్థితిని గొంత చెప్పవలసియున్నది. మొదట జైనము నాదరించిన కాకతీయులు క్రమముగా శైవులైరి. నేటి భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము కోటగుళ్లు ఆ శైవాభ్యుదయమునకు సాక్ష్యములు. ఆ జిల్లాయందే గోదావరీ తీరమున ఒకే పానవట్టముపై రెండు లింగములు గల కాళేశ్వర క్షేత్రము కలదు. మహబూబాబాదు జిల్లా కురవిలో వీరభద్రస్వామి వెలసియున్నాడు. పడమట కన్నడ దేశమున, కల్యాణ నగరమున, బిజ్జలుని యొద్ద మంత్రియైన బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిని కులభేదమును నిరాకరించు భక్తిమార్గమును నెలకొల్పెను. ఆ బసవని కథను తెనుగువారి యిండ్లకు దెచ్చినవాడు సోమనాథుడు.

ఎట్లు తెచ్చెనన్నదియే ముఖ్యము. నన్నయభట్టారకుడు పదునొకండవ శతాబ్దిని రాజమహేంద్రవరమున భారతమును గద్యపద్యాత్మకమగు చంపూ మార్గమున నారంభించెను. అది రాజసభకు దగిన వాణి. సోమనాథుడు బసవపురాణమునకు ద్విపదను గైకొనెను. రెండే పాదములు, పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. తాళము చేత బట్టి పాడుకొనవచ్చును, పాడగా విన్నవాడు మరల పాడవచ్చును. భాషగా జాను తెనుగును ఎన్నుకొనెను. క్లిష్టమైన గద్యపద్యములకంటె సర్వసామాన్యమగు తెనుగు మేలని ఆతని మతము. సంస్కృతము రాక యిట్లు చేసెనని యెవరును తలంపరాదు. రుద్రమునకు సంస్కృతమున భాష్యము రచించినవాడు, పండితారాధ్య చరిత్రమున వాద ప్రకరణమును శ్రుతి ప్రమాణములతో నింపినవాడు. వృషాధిప శతకమున తమిళ, కన్నడ, మహారాష్ట్ర భాషలతో గూడ పద్యములల్లెను. అన్నియు నెఱిగి తెనుగును గోరుకొనెను. సంస్కృతము చదువుకొన్న మావంటివారికి ఈ సంగతి మిక్కిలి ఆలోచింపదగినది.

బసవపురాణము గొబ్బూరి సంగనామాత్యుని కోరికపై రచింపబడెను. అందు బసవని చరిత్రము దారము. దానిపై గ్రుచ్చిన భక్తుల కథలు పూసలు. బోయయగు కన్నప్ప, చాకలి మడివాలు మాచయ్య, కుమ్మర గుండయ్య, చెప్పులు గుట్టు మాదార చెన్నయ్య, శివునకు పాలు ద్రాగింప నేడ్చిన బాలిక గొడగూచి, శివునకు తల్లి లేదని జాలిగొని తానే తల్లియైన బెజ్జమహాదేవి. కుండలు వాయించుచు గుండయ్య యాడగా శివుడును ఆడెనట! అంతవఱకు తెనుగు కావ్యములయందు నాయకులు రాజులును ఋషులును. వృత్తులవారు తమ పనిముట్లతో, తమ మాటలతో కావ్యమున నిలుచుట ఆతనితోనే మొదలాయెను. మాచయ్య యేరి బట్టలు ఉతుకవలయునో తానే నిర్ణయించుకొన్న పౌరుషశాలి. అదే పాలకుర్తిలో 1940 దశకమున చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖునకు లొంగక తన పొలమును నిలుపుకొనెను. ఈ రెంటికి కార్యకారణ సంబంధ మున్నదని మేము చెప్పబోము. ఊరు ఒకటి యగుటచే జ్ఞప్తికి వచ్చినది.

పండితులు దీనికి నొచ్చుకొనిరి. తరువాతి కాలమున పిడుపర్తి సోమనాథుడు బసవపురాణమును పద్యకావ్యముగా మార్చుచు ఒక కథ చెప్పెను. ఓరుగల్లున గుడిలో భక్తులు బసవపురాణము చదువుచుండ ప్రతాపరుద్రుడు అచ్చటికి వచ్చి అదేమని యడిగెనట. ప్రక్కనున్న విప్రు డొకడు, అది పాల్కురికి సోముడు ఇటీవల నల్లిన ద్విపద, లక్షణము తప్పినది, ప్రమాణము కాదని చెప్పగా రాజు వినకయే మరలెనట. కథ నిజమో కాదో కాని, ఏ పుస్తకము ప్రమాణము, ఏ భాష గౌరవార్హము అను కలహము మాత్రము నిజము.

ఆ ప్రతాపరుద్రు డెవడను దానిపై కవికాలము వివాదమైనది. మొదటి ప్రతాపరుద్రుడనబడు రుద్రదేవుడు (1158-1195) అని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1926లో ప్రకటించిన బసవపురాణ పీఠికలో నిరూపింప జూచిరి. రెండవ ప్రతాపరుద్రుడే (1289-1323) యని బండారు తమ్మయ్యగారు మొదలైనవారు. ఆ చర్చనంతయు ఇచట విప్పుటకు తావులేదు.

పండితారాధ్య చరిత్రమును గూర్చి ఒక్కమాట. పర్వత ప్రకరణమున శ్రీశైల యాత్రికులను వర్ణించుచు కవి, తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలుగా నానాటి జనులు పాడుకొన్న పాటల పేళ్లను, బొమ్మలాటలను, వాద్యములను రాసులు పోసెను. అప్పటి తెనుగువా రేమి పాడిరి, ఏమి యాడిరి యని పరిశోధించువారికి ఆ ప్రకరణము గని. చిలుకూరి నారాయణరావుగారు 1939లో ఈ గ్రంథమును విపులమైన పీఠికతో ప్రకటించిరి.

కవి మావాడని కన్నడిగులును పలికిరి. తెనుగు పకారము కన్నడమున హకార మగుట కలదు; పాలు హాలగును. దానినిబట్టి పాల్కురికి తుమకూరు సీమలోని హాల్కురికె యని వారి వాదము. కన్నడమున గూడ రగడలు వ్రాసినవాడగుటచే వా రట్లనుకొనుటలో వింతలేదు. ఇటు నిజాము రాజ్యమున తెలుగు కవులు లేరను నింద పుట్టగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరింపవలసివచ్చెను. రెండు భాషలవారును తమవాడని కోరు కవి పుట్టిన నేలకు అట్టి నింద రావలసినది కాదు.

తుదిదినములలో సోమనాథుడు కన్నడ దేశమునకు బోయి అచ్చటనే శివైక్యము నొందెనని ఐతిహ్యము. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమున రచించెను. బసవడు కన్నడ దేశమువాడే యైనను, ఆతని కథ తెనుగు ద్విపదనుండి కన్నడమునకు మరల వెళ్లెను. తోంటద సిద్ధలింగకవి సోమనాథుని చరిత్రమునే కన్నడమున పురాణముగా వ్రాసెను. 1990లో వెల్చేరు నారాయణరావుగారును జీన్ రాగేరుగారును కలిసి చేసిన బసవపురాణ ఆంగ్లానువాదము అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో అచ్చయ్యెను.