అమ్మ వైపు నుంచి దొరికిన దొంగ

ఆస్ట్రేలియాలో నెడ్ కెల్లీ పేరు తెలియనివాళ్లు ఉండరు. ఇనప కవచం తొడుక్కుని పోలీసు తుపాకులకు ఎదురు నడిచిన బందిపోటు అతను. అతని మీద సినిమాలు, పుస్తకాలు బోలెడు. కానీ ఆ కవచంలోని మనిషి ఎవరో తెలియాలంటే సినిమాలు చాలవు. చర్చి రిజిస్టర్లు, జైలు పుస్తకాలు, మరణ నమోదులు తిరగెయ్యాలి. అలా తిరగేస్తే ముందు దొరికేది నెడ్ కాదు, రెండు పందులు!

అతని నాన్న జాన్ కెల్లీది ఐర్లండ్‌లోని టిప్పరరీ. రెండు పందులు దొంగిలించినందుకు ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడింది. 1842 జనవరిలో ఖైదీల ఓడలో ఇప్పటి టాస్మేనియాకు చేరాడు. అక్కడి గుమాస్తాలు ఖైదీల ఎత్తు, జుట్టు రంగు, ఒంటిమీద మచ్చలతో సహా అన్నీ రాసుకునేవారు. ఊళ్లో ఉండిపోయి ఉంటే ఒక పేద రైతుకూలీ గురించి ఇంత వివరంగా ఎవరు రాస్తారు చెప్పండి? నేరం చేశాడు కాబట్టే చరిత్రకెక్కాడు.

శిక్ష ముగిశాక జాన్ మెల్‌బోర్న్ వైపు వెళ్లి, 1850లో ఎలెన్ క్విన్‌ని పెళ్లాడాడు. ఆ పెళ్లి చర్చి రిజిస్టరులో ఉంది. కానీ వాళ్ల పెద్దకొడుకు ఎడ్వర్డ్, అంటే మన నెడ్, పుట్టినట్టు ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కడా లేదు. అందుకే 1854 చివర్లో పుట్టాడని కొందరు, 1855 మధ్యలో అని ఇంకొందరు ఇప్పటికీ వాదించుకుంటారు.

తరువాతి కాగితం మాత్రం మనసు కలుక్కుమనిపిస్తుంది. 1866 డిసెంబరులో జాన్ చనిపోయాడు. ఆ చావుని ఎవనెల్ ఊళ్లో నమోదు చేయించింది కొడుకు నెడ్. వయసు పదకొండు, పన్నెండేళ్లు. బందిపోటు పేరు రికార్డుల్లో మొదట కనిపించే చోట్లలో ఇదొకటన్నమాట. ఆ ఎవనెల్‌లోనే అతను వాగులో మునిగిపోతున్న ఒక పిల్లవాణ్ని కాపాడాడు. ఆ కుటుంబం కృతజ్ఞతగా ఆకుపచ్చ పట్టు నడికట్టు ఇచ్చింది. అది ఇప్పటికీ బెనల్లా మ్యూజియంలో ఉంది, రక్తపు మరకలతో. ఎందుకంటే ఆఖరి పోరాటం రోజున కవచం లోపల అతను కట్టుకున్నది దాన్నే.

ఆ తరువాత మాత్రం అన్నీ పోలీసు కాగితాలే. 14 ఏళ్లకే మొదటి కేసు, అది కొట్టేశారు. 1871లో దొంగ గుర్రం కేసులో మూడేళ్ల జైలు. 1878 ఏప్రిల్‌లో ఒక కానిస్టేబుల్ వీళ్ల ఇంటికొచ్చాడు, గొడవైంది. ఎవరి మాట నిజమో నేటికీ తేలలేదు. కానీ తల్లి ఎలెన్‌కు మూడేళ్ల శిక్ష పడింది. చంకలో పసిబిడ్డతో జైలుకెళ్లింది. శిక్ష వేసిన జడ్జి రెడ్మండ్ బ్యారీ.

అదే ఏడాది అక్టోబరు 26న స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర కెల్లీ ముఠా ముగ్గురు పోలీసుల్ని చంపింది. కెనడీ, లోనిగన్, స్కాన్లన్. ముగ్గురూ ఐర్లండ్‌లో పుట్టినవాళ్లే. కెనడీకి, లోనిగన్‌కి భార్యాపిల్లలున్నారు. నెడ్‌ని పేదల హీరో అనేవాళ్లు చాలామంది ఈ పేజీని గబగబా తిప్పేస్తారు. వీళ్ల ఇళ్లల్లోనూ పాత కాగితాలున్నాయి, వీళ్లకీ మునిమనవళ్లున్నారు. ఆ వంశాల వైపు నుంచి చదివితే ఇదే కథ ఇంకోలా ఉంటుంది.

తరువాత రెండు బ్యాంకు దోపిడీలు, ఎనిమిది వేల పౌండ్ల బహుమతి ప్రకటన. 1880 జూన్ 28న గ్లెన్‌రోవన్‌లో ఆఖరి పోరు. నాగలిలో మట్టిని తిరగేసే ఇనప రెక్కల్ని కాల్చి, సాగ్గొట్టి చేసుకున్న కవచం, సుమారు 44 కిలోలు. ఛాతీకి, తలకి రక్షణ ఉంది గానీ కాళ్లకు లేదు. పోలీసులు కాళ్లమీద కాల్చారు. డిజైన్ లోపం ఎక్కడుందో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తమ్ముడు డాన్‌తో సహా మిగతా ముగ్గురూ అక్కడే చనిపోయారు. నెడ్ ఒక్కడే ప్రాణాలతో దొరికాడు. ఉరిశిక్ష వేసింది మళ్లీ రెడ్మండ్ బ్యారీయే. నవంబరు 11న మెల్‌బోర్న్ జైల్లో ఉరి తీసినప్పుడు ఎలెన్ అదే జైల్లో ఖైదీగా ఉంది.

జైలు ఆవరణలోనే పాతిపెట్టారు. 1929లో అక్కడ కట్టడాల కోసం తవ్వినప్పుడు ఎముకలన్నీ బయటపడ్డాయి. వాటిని పెంట్రిడ్జ్ జైలుకు తీసుకెళ్లి మళ్లీ పూడ్చారు. నెడ్‌దని చెప్పి ఒక పుర్రెను చాలాకాలం ప్రదర్శనకు పెట్టారు. 1978లో దాన్నీ ఎవరో ఎత్తుకుపోయారు!

పెంట్రిడ్జ్‌లో దొరికిన అస్థిపంజరాల్లో నెడ్ ఎవరు? విక్టోరియా ఫోరెన్సిక్ సంస్థ వాళ్లు 2011లో తేల్చారు. తుపాకీ గాయాల గుర్తులున్న ఎముకలు ఒక ఆధారం. రెండోది మైటోకాండ్రియా డీఎన్ఏ. ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కొడుకుకి వచ్చినా అతనితోనే ఆగిపోతుంది, కూతుళ్ల ద్వారా ముందుకెళ్తుంది. అంటే పోల్చి చూడటానికి కెల్లీ ఇంటిపేరున్న మనిషి పనికిరాడు. చెల్లెలు, ఆమె కూతురు, మనవరాలు అంటూ ఆడవాళ్ల వరసలో దిగి వచ్చినవాడు కావాలి. అలాంటివాడు ఎవరో యంత్రం చెప్పదు, వంశవృక్షమే చెప్పాలి. నెడ్ చెల్లెలి మునిమనవడు ఒకాయన ముందుకొచ్చి నమూనా ఇచ్చాడు. సరిపోయింది. నెడ్‌దని 2009లో ఎవరో తెచ్చిచ్చిన పుర్రె మాత్రం అతనిది కాదని తేలింది.

తండ్రి గురించి ప్రభుత్వం పేజీలకు పేజీలు రాసి పెట్టుకుంది. కొడుకుని గుర్తుపట్టడానికి చివరికి పనికొచ్చింది మాత్రం అమ్మ వైపు చుట్టరికం. ఉరికొయ్యకి కొన్ని గోడల అవతల ఖైదీగా ఉన్న ఆ అమ్మ, 1923 దాకా, తొంభై ఏళ్లు దాటి బతికింది. 2013 జనవరిలో నెడ్ ఎముకల్ని గ్రెటా శ్మశానంలో, ఆమె దగ్గరే పూడ్చారు. ఆ చోట పేరు రాసిన రాయి లేదు. ఎవరూ తవ్వకుండా మీద కాంక్రీటు పోశారు. చంపబడ్డ ముగ్గురు పోలీసుల పేర్లు మాత్రం మాన్స్‌ఫీల్డ్ ఊరి మధ్య స్తంభం మీద ఇప్పటికీ చదువుకోవచ్చు.