కలాం పక్కన నిలబడ్డ పెద్దాయన – సతీష్ ధావన్

సూళ్లూరుపేట హాస్టల్లో చదువుకున్న మాకు రాకెట్ కొత్త కాదు. తూర్పున ఉరిమినట్టు వినపడగానే కంచం వదిలేసి మిద్దె ఎక్కేవాళ్ళం. కానీ షార్‌కు ఎవరి పేరు పెట్టారో, ఎందుకు పెట్టారో మాకు చాలాకాలం తెలియదు. ఆ పేరు సతీష్ ధావన్ గారిది. తమ్ముళ్ళారా, ఆయన జీవితంలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

ధావన్ గారు 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోరులో గణితం, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు సాహిత్యం, మెకానికల్ ఇంజనీరింగు చదివారు. అమెరికాలో డాక్టరేట్ పూర్తి చేసి, 1951లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. 1962లో దానికి డైరెక్టరయ్యారు. 1972 నుంచి 1984 దాకా ఇస్రో ఛైర్మన్‌గా పనిచేశారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి-3 మొదటి ప్రయోగం జరిగింది. ఆ ప్రాజెక్టు నాయకుడు అబ్దుల్ కలాం గారు. రెండో దశలో ఆమ్లం కారిపోయి, రాకెట్ అదుపు తప్పి బంగాళాఖాతంలో పడింది. ఆనాడు విలేఖరుల ముందుకు వెళ్ళాలంటే తనకు భయం వేసిందని కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ధావన్ గారు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, బాధ్యత తన మీద వేసుకున్నారు. ఈ జట్టు మరుసటి ఏడాది తప్పక గెలుస్తుందని అందరి ముందూ చెప్పారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆ రోజు మాత్రం ఆయన పక్కకు తప్పుకుని, విలేఖరులతో మాట్లాడమని కలాం గారినే పంపారు.

మా రోజుల్లో ఒక ఆగస్టు 15 సభలో మాలో ఒకడు ఉపన్యాసం మధ్యలో మరిచిపోయాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు రెండు రోజుల్లో ఆ సంగతే మరిచిపోయారు. వాడు మాత్రం నెలల తరబడి తనను తానే తిట్టుకున్నాడు, క్లాసులో నోరు విప్పలేదు. అప్పుడు మాకు తెలియలేదు గానీ, నలుగురి ముందు నిలబడాలంటే కలిగే భయానికి ఆ తిట్లే ఎరువు. తన మీద తాను దయ చూపుకునేవారిలో ఈ భయం తక్కువగా ఉంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

దయ అంటే తప్పును దాచడం కాదు. ధావన్ గారి జట్టు లోపాన్ని వెతికి సరిచేసింది. కానీ మనిషిని తీసిపారేయలేదు. అలాంటి పెద్ద మనకు ప్రతిసారీ దొరకరు. అందుకే ఆ పని మనకు మనమే చేసుకోవాలి. మాట తడబడితే, మన స్నేహితుడికే అలా జరిగితే ఏం చెబుతామో అదే మనకూ చెప్పుకోవాలి. ఎంతటివాళ్ళయినా తడబడతారని గుర్తు చేసుకోవాలి. తర్వాత చిన్న చిన్న సభల్లో మళ్ళీ లేచి నిలబడాలి. మన బట్టలు, మన యాస చూసి ఎవరైనా నవ్వితే అది అసలు మన తప్పే కాదు. భయం మరీ ఎక్కువై బడికి కూడా వెళ్ళలేకపోతే దాచుకోకుండా వార్డెన్ గారికో, నమ్మకమైన పెద్దలకో చెప్పాలి.

ధావన్ గారు 2002 జనవరి 3న కన్నుమూశారు. అదే సంవత్సరం షార్‌కు ఆయన పేరు పెట్టారు. ఈసారి మిద్దె ఎక్కి రాకెట్ చూసేటప్పుడు, ఇదే తీరం నుంచి ఎగిరి సముద్రంలో పడిపోయిన ఆ మొదటిదాన్ని కూడా తలుచుకోండి. వచ్చే వార్షికోత్సవానికి మైకు ముందు మీ గొంతు వినాలని మేము ఎదురుచూస్తుంటాం.