బొబ్బర్ల మాస్టారు

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అనగానే చాలామందికి పల్లీలే గుర్తొస్తాయి. పీనట్ బటర్ కనిపెట్టింది ఆయనేనని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కూడా. అది నిజం కాదు. ఆయన చేసిన అసలు పని అంతకంటే పెద్దది: చేతిలో డబ్బుల్లేని రైతు ఏ విత్తనం వేసుకోవాలో చెప్పడం.

1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీలో బానిస తల్లికి పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడే దుండగులు తల్లితో పాటు ఎత్తుకుపోయారు. పిల్లాడు దొరికాడు, తల్లి దొరకలేదు. చదువు కోసం ఊళ్ళు తిరిగాడు, బట్టలుతికాడు, వంటలు చేశాడు. కాన్సస్‌లో ఒక కాలేజీ సీటిచ్చి, తీరా మనిషిని చూశాక నల్లవాడని వెనక్కి పంపేసింది. తర్వాత అయోవాలో బొమ్మలు వేయడం నేర్చుకుంటుంటే, మొక్కల మీద అతని ఇష్టం చూసి టీచరే వ్యవసాయ కాలేజీ వైపు నడిపించింది. 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ అయ్యాయి. అదే ఏడాది బుకర్ టి. వాషింగ్టన్ పిలిస్తే అలబామాలోని టస్కీగీకి వెళ్ళాడు.

అక్కడ ల్యాబ్ లేదు. శిష్యులతో కలిసి చెత్తకుప్పల్లో ఖాళీ సీసాలు, పగిలిన గిన్నెలు ఏరుకొచ్చి ల్యాబ్ తయారుచేశాడు. పరికరాల్లేవని మినీ ప్రాజెక్ట్ వాయిదా వేసే మనం ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి!

ఊళ్ళో నేల అంతకంటే దరిద్రంగా ఉంది. ఏళ్ళ తరబడి పత్తి మీద పత్తి వేసి సారమంతా పీల్చేశారు. రైతులు ఎక్కువమంది పాలికి చేసుకునేవాళ్ళు. ఎరువు కొనే స్తోమత లేదు. అందుకే కార్వర్ విత్తనాన్ని దిగుబడి ఒక్కటే చూసి ఎంచలేదు. ఇంట్లోవాళ్ళు తినాలి, గొడ్డు తినాలి, నేలా తినాలి. ఈ మూడింటికీ సరిపోయింది బొబ్బర్లు. రాయలసీమలో అలసందలంటారే, అవే. గింజ మనిషికి, తీగ పశువుకి పచ్చిమేత. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. మొక్కంతా కోసి మేపేస్తే నేలకి మిగిలేది తక్కువ, దున్నేస్తే ఎక్కువ. ఎంత మేపాలి, ఎంత దున్నాలి అన్నది రైతు తన అవసరాన్ని బట్టి తేల్చుకోవాల్సిన లెక్క.

1903లో బొబ్బర్ల మీద చిన్న పుస్తకం వేశాడు. ఆయన పుస్తకాల పద్ధతే అంత: రైతుకి సాగు, టీచరుకి సైన్స్, ఇల్లాలికి వంటలు. తినడం తెలియని పంటని ఎవరూ వేయరని ఆయనకి బాగా తెలుసు. 1915లో లూసర్న్ గడ్డి గురించీ రాశాడు. చదువు రానివాళ్ళ కోసం 1906లో ఒక బండిని డిజైన్ చేశాడు. పనిముట్లు, విత్తనాలు ఎక్కించుకుని అదే పొలాల దగ్గరికి వెళ్ళేది.

అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. ఆ రోజుల్లో అప్పు పుట్టేది పత్తి మీదే. భూస్వామికి, షావుకారికి పత్తే కావాలి. బొబ్బర్లు మంచివని తెలిసినా, ఏం వేయాలో నిర్ణయించే హక్కు చాలామంది పాలి రైతులకి లేదు. విత్తనం గురించి ఎంత తెలిసినా అప్పు పత్రం ముందు అది చాలలేదు. కార్వర్ దాన్ని మార్చలేకపోయాడు. ఆయన చేయగలిగింది, పెరట్లోనో గట్టు పక్కనో మిగిలిన కాస్త నేలలో ఇంటి తిండి, గొడ్డు మేత పండించుకునే దారి చూపడం. కౌలు రైతులున్న మన ఊళ్ళలో ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

పెళ్ళి చేసుకోలేదు. దాచుకున్న డబ్బంతా పరిశోధన కోసం ఫౌండేషన్‌కి ఇచ్చేశాడు. 1943 జనవరి 5న టస్కీగీలోనే కన్నుమూశాడు. ఈసారి హాస్టల్ మెస్‌లో బొబ్బర్ల కూర వస్తే మొహం చిట్లించకండి. ఒక నేలని మళ్ళీ నిలబెట్టడానికి ఆయన నమ్ముకున్న గింజ అది.